లోపల వదలాల్సిన మూడంగుళాలు

చోడవరంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ కొత్తగా మెషీను పెట్టుకుని కూర్చుంటున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా పేరు వరాలు. ముప్పై ఎనిమిదేళ్ళు బట్టలు కుట్టాను. సూదిలోకి దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సి రావడంతో ఈ మధ్యనే మానేశాను. నా షాపు ఎంత పెరిగింది, ఎవరు నాకు శాలువా కప్పారు లాంటివి ఇందులో ఉండవు. కప్పిన శాలువా కూడా మొదటి ఉతుక్కే రంగు దిగిపోయింది.

మొన్న మా వీధి అమ్మాయి ఒక కుర్తా పట్టుకొచ్చింది. ఫోనులో చూసి తెప్పించుకుందట. రెండోసారి తొడుక్కునేసరికి చంక కింద పిగిలింది. "కొంచెం లూజు చేసియ్యవా అత్తా" అంది. తిరగేసి చూశాను. కుట్టు పక్కన గోరు పట్టేంత గుడ్డ కూడా లేదు. అంచు పీచు లేవకుండా వేసే ఓవర్‌లాక్ దారం అయిపోయిన చోటే గుడ్డా అయిపోయింది. ఏం లూజు చెయ్యను?

"పోన్లే అత్తా, సవకదే. పడేస్తాను" అని ఆ పిల్ల నవ్వుతూ వెళ్ళిపోయింది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. కోపం ఆ పిల్ల మీద కాదు. ఆ కుర్తా అలా పొరపాటున తయారవలేదు. బాగుచెయ్యడానికి వీల్లేకుండా కొయ్యమని ఎవరో చెప్పారు, ఎవరో కోశారు. ఈ మాట ఇంత గట్టిగా ఎలా అంటున్నానంటే, ఒకప్పుడు అలా కోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

బాషా మాస్టరు

మాది రావికమతం పక్క. నాన్నకి చెరకు తోట. పద్దెనిమిదేళ్ళప్పుడు అనకాపల్లిలో బాషా మాస్టరు గారి దగ్గర పనిలో చేరాను. ఆయనకి ముక్కు మీద కోపం. ఆడదాన్ని కౌంటరు దగ్గర కూర్చోనిచ్చేవారు కాదు. నాలుగేళ్ళు కర్టెను వెనకే కుట్టాను, కొలతలు కూడా ఆ వెనక నుంచే తీసుకున్నాను. అది తప్పని ఆయనకి చెప్పే ధైర్యం అప్పుడు లేదు, ఇప్పుడు చెబుతున్నాను. కానీ గుడ్డ విషయంలో ఆయనంత నిజాయితీ ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేను మొదటిసారి సొంతంగా కోసింది ఒక చిన్నపిల్ల లంగా. కింద మడత లావుగా, మొరటుగా కనిపిస్తోందని ఎక్కువ గుడ్డ కత్తిరించేసి, సన్నగా హెమ్మింగ్ చేసి, ఇస్త్రీ పెట్టి, మెచ్చుకుంటారని మాస్టరు గారి ముందు పట్టుకు నిలబడ్డాను.

ఆయన కళ్ళజోడు పైకి జరిపారు. "పిల్లకి ఎన్నేళ్ళమ్మా?"

"తొమ్మిదండీ."

"వచ్చే ఏడుకి?"

"పదండీ."

"మరి నీ లంగాకి?"

లంగా అంచు తిరగేసి చూసుకున్నాను. విప్పడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"గుడ్డ ఆళ్ళది, కత్తెర మనది. కత్తెర మన సేతిలో ఉందని మనిష్టమేటి?" అన్నారు. ఆ లంగాని తన సొంత గుడ్డతో మళ్ళీ కుట్టించారు. ఆ తరవాత నెల రోజులు నాకు కుట్టే పనే ఇవ్వలేదు. రిపేరుకి వచ్చిన పాత బట్టలు నా ముందు పోసి, "ఇప్పి సూడు. కుట్టినోడు ఏటి దాచేడో లోపలుంటాది" అన్నారు.

అలా విప్పుతూ నేర్చుకున్నాను. మంచి పనివాడి చేతి జాకెట్టుకి పక్కల్లో రెండేసి అంగుళాలు ఉండేవి. వరసగా మూడు పాత కుట్ల గుర్తులు కనిపించేవి. ఆ జాకెట్టు తాలూకు ఆవిడ ఒళ్ళు చేసినప్పుడల్లా ఒక కుట్టు విప్పుకుంటూ అదే జాకెట్టు తొడుక్కుందన్నమాట. పిల్లల లంగాలకి నడుము కింద అడ్డంగా మడిచి కుట్టిన రెండు మూడు టక్కులు, అడుగున మూడంగుళాల మడత. మడతలో ఎండ తగలని గుడ్డ కొత్తదానిలాగే ఉండేది. ఏడాదికొక టక్కు విప్పితే లంగా పిల్లతోపాటు పొడుగయ్యేది. ఇప్పుడు పెద్ద పెద్ద మాటలతో చెబుతున్న పొదుపు ఇదే. అప్పట్లో దానికి పేరు లేదు. "ఎదిగే పిల్ల, లూజు పెట్టి కుట్టు" అనేవారు, అంతే.

ఆవిడ లావవలేదు

పెళ్ళయ్యాక చోడవరం వచ్చి, బస్టాండు వెనక సందులో షాపు పెట్టాను. పెట్టిన రెండో ఏడు ముహూర్తాల రోజుల్లో చేసిన తప్పు ఒకటి చెబుతాను.

బుచ్చయ్యపేటలో పనిచేసే పద్మ టీచరు పట్టు జాకెట్టు ఇచ్చారు. లైనింగ్ గుడ్డని ఒక పూట నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొయ్యాలి. నూలుగుడ్డ మొదటి నీళ్ళకి ముడుచుకుంటుంది. నాకు తెలుసు. తెలిసీ, తొందరలో నానబెట్టకుండానే కోసేశాను. ఒక్కసారి ఉతికేసరికి లోపలి గుడ్డ కుంచించుకుపోయి, పైన పట్టు అంతా ముడతలు పడి, హుక్కులు అందకుండా పోయాయి.

ఆవిడ పట్టుకొచ్చి చూపిస్తే నేనన్న మాట ఇది: "మీరు కొంచెం ఒళ్ళు చేసినట్టున్నారండీ."

"వారం రోజుల్లోనా?" అని వెళ్ళిపోయారు.

మర్నాడు మళ్ళీ వచ్చారు. మూడేళ్ళ కిందట ఎక్కడో కుట్టించుకున్న పాత జాకెట్టు తొడుక్కుని వచ్చారు. నా ముందు నిలబడి రెండు చేతులూ చాపారు. ఎక్కడా పట్టెయ్యలేదు.

"ఇదీ నా ఒళ్ళే వరాలూ. ఇప్పుడు చెప్పు, లావయింది నేనా, నీ గుడ్డా?"

తల దించుకుని జాకెట్టు అంతా విప్పి, లైనింగ్ మార్చి ఇచ్చాను. ఆ రోజు నుంచి షాపు గుమ్మంలో ఒక బకెట్టు పెట్టాను. అందులో నానని లైనింగ్ నా బల్ల మీదకి రాలేదు.

మన వృత్తిలో సిగ్గులేని అలవాటు ఇది. కొలత మనం తప్పుతాం, నింద ఆడవాళ్ళ ఒంటి మీద వేస్తాం. పాపం వాళ్ళు నమ్మేసి, అద్దం ముందు నిలబడి బాధపడతారు.

బట్టలు ఎలా పాడవుతాయంటే

కట్టుకోవడం వల్ల చిరిగిన బట్టలు నా దగ్గరికి తక్కువే వచ్చేవి. ఉతకడం వల్ల పోయినవే ఎక్కువ. కాలరు మీద గట్టి బ్రష్షు పెట్టి తోముతారు, నెల తిరిగేసరికి కాలరు మడత దగ్గర పీచు లేస్తుంది. సబ్బునీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి మర్చిపోతారు. రంగు చీరని మంచివైపు పైకి పెట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తారు. తిరగేసి నీడలో ఆరేస్తే ఏం పోయింది?

పట్టుచీరల సంగతి ఇంకా ఘోరం. షాపువాడిచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఉంచి, జరీకి తగిలేలా కలరా ఉండలు వేసి, ఏళ్ళ తరబడి అదే మడతలో బీరువాలో పడేస్తారు. జరీ నల్లబడ్డాక, మడత మీద చీర బద్దలయ్యాక నా దగ్గరికి తెచ్చి ఏదైనా చెయ్యమంటారు. ఏం చెయ్యను? పాత నూలు పంచె ముక్కలో చుట్టి, నాలుగు నెలలకోసారి మడత మారిస్తే సరిపోయేది. గంజి పెట్టిన చీరని దాచే ముందు గంజి పోయేలా జాడించాలి. లేకపోతే పురుగు పట్టేస్తుంది. అది వచ్చేది చీర కోసం కాదు, గంజి కోసం.

ఊడిన గుండీ వారంలోగా కుట్టుకోండి. చిన్న చిరుగు అంగుళం దాటకముందే ఆపండి. ఇవి చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, మా అమ్మలకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది.

ఇక ఈ ఒక్కరోజు బట్టల పిచ్చి ఒకటి. పెళ్ళికి ముందు హల్దీ ఫంక్షనని ఇంటిల్లిపాదికీ పసుపు రంగు బట్టలు. నేను కుట్టు మానేసే ముందు ఒకే ఇంటికి ఒకే గుడ్డతో పద్నాలుగు జతలు కుట్టాను. ఫొటోలయ్యాయి. నెల తరవాత అదే పసుపు గుడ్డ చెరకు తోట గట్టు మీద కాలుతూ కనిపించింది. కాలలేదు కూడా, ముద్దగా కరిగి కంపు కొట్టింది. పాత నూలుచీర అయితే బొంత అయ్యేది, పసిబిడ్డ కిందకి పొత్తిగుడ్డ అయ్యేది, చివరికి ఇల్లు తుడిచేది. ఈ పాలిస్టర్ ఒలికిన నీళ్ళు కూడా పీల్చదు. ఇలాంటిది మూటలు మూటలుగా తయారుచేసి, కొనమని మనల్ని ఫోనులో తరుముతున్నవాళ్ళకి సిగ్గుండాలి.

నీలం లంగాలు

ఇప్పుడు నా సంగతి. పద్నాలుగేళ్ళ కిందటిది.

చోడవరం దగ్గర ఒక ప్రైవేటు స్కూలు ఉండేది. పేరు రాయను. ఆడపిల్లల యూనిఫాం కుట్టే పని నాకిచ్చారు. నీలం లంగా, తెల్ల చొక్కా. గుడ్డని స్కూలువాళ్ళే తల్లిదండ్రులకి అమ్మి, ఒక్కొక్క పిల్ల పేరు మీద ముక్కలుగా నాకు పంపారు. ప్రతి ముక్కలోనూ లంగాకి సరిపోగా మడతకి మూడంగుళాల గుడ్డ ఉంది.

స్కూలు నడిపే ఆయన స్వయంగా షాపుకొచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"కింద మడత వద్దమ్మా. సన్నగా కుట్టెయ్యండి."

"ఎదిగే పిల్లలు బాబూ" అన్నాను.

"అందుకే వద్దంటున్నాను. మడత ఉంటే మూడేళ్ళు అదే తొడుక్కొస్తారు. కొత్త క్లాసుకి కొత్త యూనిఫాం ఉంటే స్కూలు కళగా ఉంటుంది."

బాషా మాస్టరు గారు గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తుకొచ్చారు. అయినా పెద్ద పని, స్కూలు పేరుతో షాపుకి గొప్ప అనుకున్నాను. సరేనన్నాను. వాళ్ళు కొనుక్కున్న గుడ్డలోంచే ప్రతి పిల్లకీ మూడంగుళాల పట్టీ కోసి పక్కన పడేశాను. ఆ పట్టీలతో గోనెసంచి నిండింది. కొన్నిటిని కుక్కి షాపు బెంచీకి ఒక మెత్త కూడా చేయించాను. అంత నిశ్చింతగా ఉన్నాను.

ఏడాది తిరిగి స్కూళ్ళు తెరిచారు. రావికమతం నుంచి మంగమ్మ వచ్చింది. తోటల్లో కూలికెళ్ళే మనిషి, భర్త లేడు. కూతురు గౌరిని ఆ స్కూల్లో చదివించడానికి ఎంత కష్టపడుతోందో నాకు తెలుసు. పిల్ల ఎనిమిదో తరగతిలోకి వచ్చింది, ఒక్కసారిగా పొడుగైపోయింది. లంగా మోకాళ్ళ పైకి పోయింది.

"నిన్న మా గౌరి గుంటని ప్రార్థనలో అందరి ముందు నిలబెట్టేసేరక్కా. లంగా పొట్టయిపోనాదంట. కొత్తది కుట్టించుకునే దాకా రావద్దన్నారంట. కింద మడత ఇప్పి దింపీ. ఈ ఏడాది ఆడితే సాలు."

గౌరి గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రాలేదు.

లంగా నా చేతికివ్వకుండా మంగమ్మే అంచు తిరగేసింది. సన్నటి హెమ్మింగ్ చూసి, "ఏటక్కా, లోపల గుడ్డే లేదేటి?" అంది.

"ఇప్పుడొచ్చే యూనిఫాం గుడ్డలు ఇంతేనమ్మా" అన్నాను. నోరు తడబడలేదు, అంత సులువుగా వచ్చింది అబద్ధం.

మంగమ్మ నీరసంగా బెంచీ మీద కూలబడింది. మెత్త మూల చిరిగి, అందులోంచి నీలం పట్టీ కొన ఒకటి బయటికి వేలాడుతోంది. ఆవిడ చెయ్యి దాని మీద పడింది. లాగింది. అది వస్తూనే ఉంది. ఒళ్ళో ఉన్న లంగా మీద ఆ పట్టీ పెట్టి చూసుకుంది. అదే నీలం, అదే గుడ్డ.

"ఇది మా గుంటదేనా?" అంది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మీ పిల్లదే. నేనే కోసేను" అన్నాను. ఇంకేం అనగలను? స్కూలాయన కొయ్యమన్నాడని చెప్పి తప్పుకోవచ్చు. కానీ కత్తెర నా చేతిలోదే.

గేటు దగ్గర

ఆ పూటే కూర్చుని గౌరి లంగాకి అడుగున పట్టీ అతికాను. కుచ్చిళ్ళు విప్పి, కలిపి, మళ్ళీ వేసి, అతుకు అందంగా కనపడాలని దాని మీద ఒక సన్నటి గీత కుట్టు నడిపాను. మర్నాడు పిల్లని గేటు దగ్గరే ఆపేశారు. లంగా పొట్టని కాదు, అతుకని.

నేనే స్కూలుకెళ్ళాను.

"అతుకుల బట్టలతో పిల్లలొస్తే జనం ఏమనుకుంటారమ్మా?" అన్నాడాయన, అదే మర్యాదతో.

"ఆ గుడ్డ ఆ పిల్లదే బాబూ. ఆళ్ళమ్మ కొన్నదే. మీరు కొయ్యమన్నారు, నేను కోసేను. కోసింది మళ్ళీ కలిపేను. ఇందులో తప్పు ఆ గుంటదేటుంది?"

"రూలు రూలే. మీకు ఇష్టం లేకపోతే వచ్చే ఏడు పని వేరేవాళ్ళు చేస్తారు."

"సేసుకోమనండి" అన్నాను. గట్టిగానే అన్నాను కానీ బయటికి వచ్చాక పోయిన పని లెక్కే వేసుకున్నాను. ఆ పని మీద నేను చాలా ఆశలు పెట్టుకున్నాను.

షాపుకొచ్చి తలుపు మీద సుద్దతో రాశాను: 'స్కూలు నీలం లంగాలు తెస్తే పట్టీ వేసి ఊరికే దింపుతాను.' మొదట ఇద్దరు తల్లులు వచ్చారు. తరవాత గుంపుగా వచ్చారు. తీరా చూస్తే పొట్టయిన లంగాలు ఎన్నో. ఎవరికి వాళ్ళు తమ పిల్ల ఒక్కతే ఎదిగిపోయిందని సిగ్గుపడి ఊరుకున్నారు. మెత్త కోసి అందులోవి కూడా వాడేశాను. వారం రోజులకి గోనెసంచి అడుక్కి వచ్చింది. ఆ తరవాతి సోమవారం ప్రార్థనలో ఏ వరస చూసినా అతుకు లంగాలే ఉన్నాయట. అంతమందిని గేటు దగ్గర ఆపలేక ఆయన నోరు మూసుకున్నాడు.

ఆ మాట తెలిసిన సాయంత్రమే ఆటో ఎక్కి రావికమతం వెళ్ళాను. గౌరి తల్లితోపాటు చెరకు తోటలో కలుపు తీసి, అప్పుడే గట్టెక్కుతోంది. కాళ్ళ నిండా బురద.

"ఇంక నిన్నెవరూ ఆపరే. రేపటినుంచి ఎల్లు" అన్నాను.

ఆ పిల్ల కాలవలో కాళ్ళు కడుక్కుని, నిదానంగా చెప్పింది. "ఎల్లను పెద్దమ్మా. ఆయన అందరి ముందు నా కాళ్ళు సూపించి మాటాడేడు. ఆ గేటులోకి మళ్ళీ ఎల్లను."

బతిమాలాను. మంగమ్మ బతిమాలింది. వెళ్ళలేదు. ఆ ఏడాదంతా తోటల్లోనే పోయింది. మరుసటి ఏడు సర్కారు బడిలో చేరి పదో తరగతి దాకా చదివింది. మిగతా పిల్లలందరి లంగాలూ దిగాయి, ఎవరి కోసం మొదలుపెట్టానో ఆ పిల్లకే ఏడాది పోయింది. నేను కోసిన గుడ్డ ముక్క ఎంతనుకుంటున్నారు? మూడంగుళాలు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. కంపెనీ అడుగుతుంది, బొటిక్ ఓనరు అడుగుతాడు, ఫోనులో వీడియో చూపించి ఇలా సన్నగా కుట్టమంటారు. లోపల గుడ్డ వదలొద్దని ఎవరు చెప్పినా వాళ్ళ మాట వెనక ఏముందో అడగండి. అడిగితే పని పోవచ్చు. నాకు పోయింది. పోయినా బతికాను.

ఆఖరి గౌను

నేను మెషీను మీద గుడ్డ కప్పేశాక, కిందటి నెలలో ఒకావిడ స్కూటీ మీద వచ్చింది, ముందు ఐదేళ్ళ పాపని నిలబెట్టుకుని. పెళ్ళి చేసి చీడికాడలో ఇచ్చారట. పలకరించేదాకా పోల్చుకోలేకపోయాను. గౌరి.

సంచీలోంచి వెలిసిన నూలుచీర ఒకటి తీసింది. "మాయమ్మది. సిరిగింది ఓ పక్కేలే పెద్దమ్మా, మిగతాది గట్టిగుంది. ఈ గుంటకో గౌను కుట్టియ్యి."

కుట్టడం మానేశానని, కళ్ళు కనపడటం లేదని చెప్పాను. ఆమె వింది. చీర మాత్రం తిరిగి తీసుకోలేదు, మెషీను మీద పెట్టి వెళ్ళిపోయింది.

పది రోజులు పట్టింది. పక్కింటావిడ చేత దారం ఎక్కించుకుంటూ, చిరుగు తప్పించి కోసుకుంటూ కుట్టాను. అంతకంటే ముందు చీరని నానబెట్టాను, పాతదే అయినా. నడుము కింద రెండు టక్కులు పెట్టాను. చేతులకి లోపల గుడ్డ వదిలాను. అడుగున మడత.

గౌరి వచ్చి గౌను చేతిలోకి తీసుకుంది. మెడ చూడలేదు. బుట్ట చేతులు చూడలేదు. పాప తొడుక్కుంటానని గోల చేస్తున్నా ఆగమంది. నా ముందే గౌనుని తిరగేసింది. అంచు మడత మీద మూడు వేళ్ళు ఆనించి కొలుచుకుంది. అక్కడితో ఆగలేదు, మడత చుట్టూ తిప్పుకుంటూ అంతటా గుడ్డ రెండు పొరలుందో లేదో వేళ్ళతో నలిపి చూసింది.

అంతసేపూ నేను పక్కనే కూర్చున్నాను. నన్ను చూసి నమ్మి ఊరుకోలేదు. ఊరుకోనందుకు సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. చివరిదాకా చూసుకున్నాకే, "ఉంది పెద్దమ్మా" అని గౌనుని మంచివైపుకి తిప్పి పిల్లకి తొడిగింది.